కుర్చీ చప్పుడున్న వయొలిన్లు

మీ తరం వాళ్లకి వయొలిన్లు, చెల్లోలు, డబుల్ బేసులు అన్నీ ఒక పెట్టెలో దొరుకుతాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలంతా ఒకటే అడుగుతారు: "ఆంటీ, స్ట్రింగ్స్‌కి ఏ లైబ్రరీ మంచిది?" జవాబు చెప్పే ముందు వాళ్లని ఏదో ఒకటి వాయించమని, వాళ్ల చేతులు చూస్తాను. ఎందుకు చూస్తానో తెలియాలంటే ఉద్యోగంలో నేను చేసిన ఒక వెధవ పని గురించి చెప్పాలి. రిటైరయ్యాక ఇలాంటివి చెప్పుకోవడంలో సుఖముంది. ఇప్పుడు నన్ను ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యలేరు.

నేను పుట్టి పెరిగింది కోల్‌కతా వాట్‌గంజ్‌లో. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చాడు. నాన్న ఆ రేవులోనే క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యాడు. నాకు సంగీతం అబ్బింది మా తెలుగు చర్చిలో, కాళ్లతో తొక్కి వాయించే హార్మోనియం మీద. అక్కడ వాయించడానికి ఒక పద్ధతి ఉండేది. ముందు బెంచీల వాళ్లు చరణం ముగించేసినా, వెనక బెంచీ ముసలమ్మలు ఇంకా రెండు మాటలు వెనకే ఉండేవారు. వాళ్లు వచ్చి కలిసేదాకా హార్మోనియం ఆగకూడదు. అందుకని మెట్ల మీద నుంచి వేళ్లు ఎత్తకుండా, గాలి తెగకుండా, స్వరాలన్నీ అలా పట్టుకుని కూర్చోవాలి. పదేళ్ల వయసు నుంచి ముప్పై ఏళ్లపాటు ఆదివారం ఆదివారం అలాగే కూర్చున్నాను. నన్ను అందరూ మెచ్చుకునేవారు కూడా.

నలభయ్యో ఏట ఒక బళ్లో మ్యూజిక్ టీచర్ ఉద్యోగం వదిలేసి టాలీగంజ్‌లో ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో చేరాను. కంప్యూటర్ మీద వాద్యాలు అమర్చే పని. అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నాన్నకి ఇది బొత్తిగా నచ్చలేదు.

"ఏటే, పెర్మనెంటు ఉజ్జోగం ఒగ్గేసి ఆ పెట్టెలమ్మట పడతావేటి? రేపు ఆడు పొమ్మంటే ఏటి సేస్తావు?" అన్నాడు.

ఆడు అంటే మా స్టూడియో యజమాని. టీవీ సీరియళ్లకి సంగీతం ఆయనే కట్టేవాడు. అందరం దాదా, అంటే అన్నా, అనేవాళ్లం. మంచివాడే. కానీ ఆయన పొమ్మంటే నాకు వెనక్కి దారి లేదు. బడిలో నా కుర్చీలో అప్పటికే ఇంకొకామె కూర్చుంది.

ఆ స్టూడియోలో ఒకప్పుడు పన్నెండు మంది వయొలిన్ వాళ్లు కూర్చునేవారు. నేను చేరేసరికి ఒక్కరే మిగిలారు. ఒకాయన పిల్లలకి పాఠాలు చెప్పుకుంటున్నాడు, ఇంకొకాయన బడ్జ్ బడ్జ్‌లో కొడుకు కొట్లో కూర్చుంటున్నాడు, మిగతావాళ్ల సంగతి అడిగితే దాదా మాట మార్చేవాడు. మిగిలిన ఒక్కరూ ఆ పన్నెండు మందికీ పెద్దగా ఉన్నాయన. మాస్టర్‌మొశాయ్, అంటే మాస్టారుగారూ, అని పిలిచేవాళ్లం. డెబ్భై దగ్గరపడ్డ మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల పంజాబీ, మన లాల్చీ లాంటిది, వేసుకుని రోజూ పదిన్నరకి వచ్చి, దాదా పాడిన వరసల్ని బెంగాలీ అక్షరాల్లో స-రి-గ-మలుగా రాసిపెట్టి, మూడుసార్లు టీ తాగి వెళ్లేవారు. వయొలిన్ పెట్టె తెచ్చేవారు కాదు. నా కంప్యూటర్ వచ్చి ఆయన కుర్చీ లాగేసిందని స్టూడియోలో అందరికీ తెలుసు. అందరికంటే నాకు ఎక్కువ తెలుసు. ఆయన నాతో ఎంత మెత్తగా మాట్లాడితే నాకు అంత అనుమానం వేసేది.

అలా ఉండగా దాదాకి ఒక పెద్ద సీరియల్ వచ్చే అవకాశం తగిలింది. వారానికి ఐదు రోజులు, ఏళ్ల తరబడి నడిచే బేరం. ప్రొడ్యూసర్ వచ్చి మొదటి భాగంలోని ఒక సీన్ ఇచ్చి, దానికి సంగీతం కట్టి వినిపించమన్నాడు. షరతు ఒకటే. వయొలిన్లు కావాలి, మనుషుల్ని పిలవడానికి వీల్లేదు, అయినా మనుషులు వాయించినట్టే ఉండాలి. వచ్చే గురువారానికి కుదరకపోతే వేరే స్టూడియోకి పోతానన్నాడు.

ఆయన వెళ్లాక దాదా నాతో దాపరికం లేకుండా చెప్పాడు. "ఇలాంటి పని వస్తుందనే నిన్ను తీసుకున్నాను. ఇది పోతే నిన్ను ఉంచుకోవడం నావల్ల కాదు."

శాంపిల్ లైబ్రరీ అంటే ఏమిటో మీకు తెలుసు. తెలియనివాళ్ల కోసం ఒక ముక్క. ఎక్కడో వయొలిన్ వాళ్లని కూర్చోబెట్టి ఒక్కొక్క స్వరాన్నీ మెల్లగా, గట్టిగా, పొడుగ్గా, పొట్టిగా విడివిడిగా వాయింపజేసి దాచిపెడతారు. ఇక్కడ మనం కీబోర్డు మీద మెట్టు నొక్కితే అక్కడ వాళ్లు వాయించిన ఆ స్వరం వినిపిస్తుంది. మా కోల్‌కతా చాందినీ చౌక్‌లో మాకు తెలిసిన డీలర్ అలాంటివి మూడు తెచ్చి, వారం రోజులు వాడి చూసుకుని ఒకటి ఉంచుకోమన్నాడు. 

మొదటిది ఏదో విదేశపు పెద్ద హాల్లో తీసింది. ఒక్క మెట్టు నొక్కితే చాలు, ఒళ్లు జలదరించేది. అది లోడయ్యేలోపు టీ తాగి, కప్పు కడిగి, పక్కింటావిడతో రెండు మాటలు కూడా మాట్లాడి రావచ్చు. అంత పెద్దది. రెండోది మరీ తియ్యగా ఉంది, మొదటి రోజే పక్కన పెట్టేశాం. మూడోది చిన్న గదిలో ఎనిమిది మందితో తీసింది. అందులో గాలి తప్ప ప్రతిధ్వని లేదు. పైగా కొన్ని స్వరాల వెనక ఎవరో కదిలినట్టు, కుర్చీ కిర్రుమన్నట్టు చప్పుడు. నా లెక్కలో అది లోపమున్న సరుకు.

మాస్టర్‌మొశాయ్‌ని వినమని దాదా పిలిచాడు. ఆయన కళ్లు మూసుకుని మూడూ విన్నారు. మూడోది రెండోసారి పెట్టమన్నారు.

"ఇది తీసుకో, మా. ఇందులో మనుషులు కూర్చుని ఉన్నారు" అన్నారు. ఆయన మాట్లాడింది బెంగాలీలో, నేను తెలుగులో రాస్తున్నాను. ఆ 'మా'ని మాత్రం ఉంచుతున్నాను. మనం కూతుర్ని అమ్మా అన్నట్టే అది.

నాకు ఒక్కసారిగా మండింది. మూడింటిలో చెత్తది ఏరి నా చేతికిస్తున్నాడు, ఇది పాడైతే వయొలిన్ వాళ్లని మళ్లీ పిలుస్తారని ఆయన ఆశ అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది.

"మీ రోజుల చెవులతో వింటే ఇవి అర్థం కావు, మాస్టర్‌మొశాయ్. ఇది మీకు తెలిసే పని కాదు" అన్నాను. దాదా ఎదురుగానే అన్నాను.

ఆయన టీ కప్పు అక్కడే వదిలేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. మర్నాడు పదిన్నరకి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను పెద్ద హాలు లైబ్రరీ లోడ్ చేసుకుని పనిలో పడ్డాను. ఆయన కుర్చీ వైపు చూడకుండా పని చేశాను.

సీన్ చాలా చిన్నది. ఇంట్లో అందరూ తిని లేచాక కోడలు ఒక్కతే అన్నానికి కూర్చుంటుంది. ఏడాదిగా ఆ పిల్లతో మాట్లాడని అత్తగారు వచ్చి, మాట్లాడకుండానే చేపముక్క ఒకటి ఆమె కంచంలో వేసి వెళ్లిపోతుంది. అంతే. దాదా కట్టిన వరస కూడా అంతే చిన్నది. నేను దాన్ని పది వేళ్లతో వాయించాను. ఎంత నిండుగా వచ్చిందంటే నా కళ్లమ్మట నీళ్లు కారాయి. నా వాయింపుకి నేనే ఏడ్చానంటే అప్పుడే అనుమానపడాల్సింది.

మంగళవారం ప్రొడ్యూసర్ ఒకసారి వినిపోదామని వచ్చాడు. సీన్ నడిచింది, సంగీతం నడిచింది. అత్తగారు గదిలోంచి వెళ్లిపోయాక కూడా నా వయొలిన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన కాసేపు బుర్ర గోక్కున్నాడు.

"చేపముక్క వేస్తే ఇంత సైన్యం వచ్చిందేమిటి?" అన్నాడు. "అయినా ఇది వయొలిన్‌లా లేదు. హార్మోనియంలా ఉంది."

హార్మోనియం అనగానే నాకు తల తీసేసినట్టయింది. దాదా బతిమాలితే, గురువారం పొద్దున్న ఇంకోసారి వస్తాను, అదే ఆఖరు అని చెప్పి వెళ్లాడు. మధ్యలో బుధవారం ఒక్కటే ఉంది. ఆ బుధవారం బంద్. ఆ రోజుల్లో కోల్‌కతాలో బంద్ అంటే బస్సులు, ట్రాములు, టాక్సీలు, ఆటోలు, కొట్లు అన్నీ బంద్.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సీడీలో రాసుకొచ్చిన ముక్కని నాన్నకి వినిపించాను. ఎవరో ఒకరు బాగుందంటే బాగుండునని నా ఆశ. నాన్నకి సంగీతం తెలియదు. కానీ నలభై ఏళ్లు క్రేన్ నడిపిన మనిషి, చెవులు మాత్రం గట్టివి.

"ఇదేటే, మొదలవగానే ఒక్కపాలి గాల్లో ఉంది?" అన్నాడు. "సరుకు లెగాలంటే ముందు తాడు బిగుసుకోవాలి గదా. తాడు బిగిసి, కిర్రుమని, అప్పుడు గదా లెగుస్తాది. నీదానికి తాడు లేదు. దింపడం అసలు లేదు. అలగే ఏలాడతంది."

తర్వాత, "ఆ వయొలిన్ ముసలాయనున్నాడు గదా, ఆయనేటన్నాడు?" అని అడిగాడు. చెప్పేశాను. నేనన్న మాట కూడా చెప్పాను. నాన్న సీడీ ప్లేయర్ ఆపేసి నా వైపు తిరిగాడు.

"తప్పు నీదే గదా. రేపెల్లి అడుగు."

"రేపు బంద్ నాన్నా."

"బంద్ బస్సులకి. కాళ్లకేటి?"

తెల్లారగానే ఇద్దరం బయల్దేరాం. నలభై ఏళ్లదాన్ని, నన్ను ఒంటరిగా పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. ఖిదిర్‌పూర్ దాటి, అలీపూర్ మీదుగా చెత్లాలో మాస్టర్‌మొశాయ్ ఇంటిదాకా నడిచాం. రోడ్డు మధ్యలో పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు. దారంతా ఏం చెప్పాలో వరస పెట్టుకున్నాను. తీరా ఆయన గుమ్మంలో నిలబడేసరికి అంతా మరిచిపోయాను.

తలుపు ఆయనే తీశారు. "మాస్టర్‌మొశాయ్, నేను నోరు జారాను. మీ మీద లేనిపోనివి అనుకున్నాను. క్షమించండి" అన్నాను.

"ఏమనుకున్నావు?"

"నన్ను పాడుచెయ్యడానికే అది తీసుకోమన్నారని."

ఆయన నవ్వారు. "నువ్వు పాడైతే నన్ను పిలుస్తారనుకున్నావా? నువ్వు పాడైతే ఇంకో పిల్లని పెట్టుకుంటారు, మా. ఆ పిల్ల నాకు టీ కూడా ఇవ్వకపోవచ్చు." తర్వాత నవ్వు ఆపి, "నాకు బాధ కలిగింది. ఆ మాట కూడా చెప్పాలి కదా" అన్నారు.

ఆయన లోపలికెళ్లి చొక్కా మార్చుకుని వచ్చారు. చేతిలో వయొలిన్ పెట్టె ఉంది. అది నాన్న చూసి, తనకొచ్చిన హిందీ-బెంగాలీ కలగలుపులో, "ఆజ్ తో బంద్ హై, ఆప్‌నీ కామ్ కొర్‌బేన్?" అన్నాడు. ఇవాళ బంద్ కదా, పని చేస్తారా అని. మాస్టర్‌మొశాయ్ వయొలిన్ వాళ్ల యూనియన్‌లో జెండా పట్టిన మనిషి. బంద్ రోజున పనిలోకి వెళ్లడమంటే ఆయనకి మామూలు విషయం కాదు.

"పనికెవరు పిలిచారు? శిష్యురాలికి పాఠం చెప్పడానికి వెళ్తున్నాను. పాఠానికి బంద్ లేదు" అన్నారు. ఆ మాట ఎవరికి చెప్పుకున్నారో నాకు తెలుసు, పాపం.

ముగ్గురం స్టూడియోకి నడిచాం. దాదా ఉండేది ఆ మేడ మీదే. మమ్మల్ని ముగ్గుర్నీ చూసి లుంగీతోనే దిగొచ్చి తాళం తీశాడు. నేను మూడో లైబ్రరీ లోడ్ చేశాను. మాస్టర్‌మొశాయ్ నా పక్కన కుర్చీ వేసుకున్నారు. "వాయించు" అన్నారు. వాయించాను. ఆయన వినలేదు, నా చేతులే చూశారు.

"పది వేళ్లు ఎందుకు? ఒక్కొక్క వేలి కింద ఎనిమిది మంది ఉన్నారు. ఎనభై మందిని ఆ కోడలి వంటింట్లో ఎక్కడ కూర్చోబెడతావు?"

తర్వాత పెట్టె తెరిచి, వయొలిన్ అందులోనే ఉంచి, తీగల మీద లాగే కమాను మాత్రం నా కుడిచేతికిచ్చారు. వరస పాడుతూ, వయొలిన్ ఉన్నట్టే గాల్లో కమాను లాగమన్నారు. లాగాను. మొదటి ముక్క సగంలో ఉండగానే నా చెయ్యి చివరిదాకా సాగి ఆగిపోయింది.

"అయిపోయింది కదా? ఇప్పుడేం చేస్తావు?"

"వెనక్కి తిప్పాలి."

"తిప్పేచోట పాట ఊపిరి తీసుకుంటుంది. నీ పాట ఊపిరి తీసుకోదు, అందుకే హార్మోనియం అన్నాడు. కమాను అయిపోయిన చోట వేలెత్తు. అంతే పాఠం."

ముప్పై ఏళ్ల అలవాటు. ఎత్తమంటే వేళ్లు ఎత్తవు. ముసలమ్మలు ఇంకా పాడుతూనే ఉన్నారన్నట్టు మెట్లని పట్టుకుని వేలాడతాయి. ఒక్కొక్క వరసా ఒక్కొక్క వేలితో, విడివిడిగా, ముందు కమాను లాగి చూసుకుని తర్వాత వాయించాను. ఎక్కడ వేలు నిలిచిపోతే అక్కడ ఆయన బల్ల మీద తట్టేవారు. మధ్యాహ్నానికి నా మణికట్టు వాచింది. నాన్న మూల కూర్చుని, "ఆఁ, ఇప్పుడు తాడు బిగిసింది" అన్నాడొకసారి. నేను లోపమనుకున్న కుర్చీ చప్పుడు, తక్కువ స్వరాల్లో వాయిస్తుంటే, కోడలి వెనక ఎవరో ఉన్నట్టనిపించింది. చిన్న టీవీలో వినే పాటకి పెద్ద హాలు అక్కర్లేదని నాకు అప్పుడు తెలిసింది. లైబ్రరీ ఎన్నుకోవడానికి ముందు ఎవరి ఇంట్లో, ఏ గదిలో వినిపించాలో చూసుకోవాలి పిల్లలూ. నేను సరుకు చూశాను, ఇల్లు చూడలేదు.

అయినా ఏదో కొరత మిగిలింది. అత్తగారి చెయ్యి కంచం మీద ఆగే చోట వరస రిషభం నుంచి గాంధారానికి జారాలి. మా దగ్గరున్న ఏ లైబ్రరీకీ ఆ జారుడు రాదు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉన్న చోట దాంట్లో ఎవరూ వాయించి పెట్టలేదు.

"నేనొకటి కలపనా?" అని మాస్టర్‌మొశాయ్ మెల్లగా అడిగారు.

మా స్టూడియో ట్రామ్ లైను పక్కనే. మామూలు రోజుల్లో మైకు పెట్టి ఏదైనా రికార్డు చేస్తే ప్రతి నాలుగు నిమిషాలకీ ట్రాము వచ్చి పాడుచేసేది. ఆ రోజు వీధిలో చీమ చిటుక్కుమంటే వినపడేట్టుంది. ఆయన నిలబడి ఒక్కసారి వాయించారు. రెండోసారి అక్కర్లేకపోయింది. ఆ ఎనిమిది మంది మీద సన్నగా ఆయన గీత, నిజం మనిషి గీత. నేను విని ఏడవలేదు. హాయిగా నవ్వొచ్చింది.

ఇక గురువారం. ప్రొడ్యూసర్ రాకముందే దాదా నన్ను పక్కకి పిలిచాడు. "ఆయన వాయించాడని చెప్పకు. మనుషులొద్దన్నాడు కదా. బేరం కుదిరాక చూద్దాం" అన్నాడు. మాస్టర్‌మొశాయ్ కూడా విన్నారు. ఫరవాలేదన్నట్టు తలూపి, వెనక కుర్చీలో కూర్చుని, వయొలిన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని గొళ్లెం వేసుకున్నారు.

సీన్ నడిచింది. చేపముక్క కంచంలో పడింది. అత్తగారు వెళ్లింది, వరస కూడా ఆవిడతోపాటే వెళ్లిపోయింది. ప్రొడ్యూసర్ ఇంకోసారి పెట్టమన్నాడు. రెండోసారి అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా, నేను చెప్పలేదూ? మనుషులక్కర్లేదు. అంతా మిషన్‌లోనే ఉంది. ఖాయం చేసుకోండి" అన్నాడు.

దాదా నా వైపు చూడలేదు. నేను నోరు మూసుకుంటే నా ఉద్యోగం నిలిచినట్టే. అది తెలుసు. బడికి తిరిగి వెళ్లే దారి లేదనీ తెలుసు. కానీ వారం కింద ఈ మనిషితోనే ఈ గదిలోనే మీకు తెలియదన్నాను. ఇప్పుడు ఆయన ఉండగానే లేడని ఎలా అనను?

"సార్, ఎనిమిది మంది మిషన్‌లో ఉన్నారు. తొమ్మిదో ఆయన మీ వెనక ఉన్నారు" అన్నాను.

దాదా కళ్లు మూసుకున్నాడు. ప్రొడ్యూసర్ వెనక్కి తిరిగి మాస్టర్‌మొశాయ్‌ని చూశాడు, మళ్లీ నన్ను చూశాడు. మొహం గంటు పెట్టుకుని, "అయితే ఆయన్ని తీసేసి వినిపించు" అన్నాడు.

ఆయన గీత ఒక్కటీ వినపడకుండా ఆపి, సీన్ మొదటి నుంచీ నడిపాను. ఎనిమిది మందీ బాగానే వాయించారు. ఊపిరి తీసుకున్నారు, కుర్చీ కిర్రుమంది. అత్తగారి చెయ్యి కంచం మీదికి వచ్చి ఆగింది. వరస రిషభం నుంచి గాంధారానికి జారకుండా అడుగు తీసి అడుగు వేసింది.

ప్రొడ్యూసర్ తెర వైపే చూస్తూ, "ఎవరో లేచి వెళ్లిపోయారు" అన్నాడు.

నేనే అడిగాను. "ఆయన్ని ఉండమనమంటారా సార్?"

"ఉండమను. రోజూ ఉండమను."

మాస్టర్‌మొశాయ్ పెట్టె గొళ్లెం తీశారు. వయొలిన్ బుజానికి ఆనించుకుని, తీగలు సరిచూసుకుని, నా వైపు తిరిగారు.

"తర్వాతి సీన్ ఏది, మా?"